బొజ్జమ్మకో బండి

గుట్ట ఎక్కే ఎత్తు మొదట్లో బండి ఆగగానే మేస్త్రమ్మకి అనుమానం వచ్చింది. బావగారు ఎక్కడ బండి దిగినా ముందు టైర్లను కాలితో తన్ని చూస్తాడు, భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటాడు, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. ఈరోజు ఆ తతంగమేదీ లేదు. నేరుగా వెనక్కి వెళ్ళి, కొక్కెంలోంచి ఇనప పిన్ను పీకి, బొజ్జమ్మను రోడ్డు పక్కన దింపేశాడు.

"అర్జెంటు లోడు తగిలిందమ్మాయ్. అది దింపేసి గంటలో వచ్చి పైకి లాగుతాను," అన్నాడు.

"స్లాబు పని బావగారూ! పైన అందరూ మన కోసమే చూస్తుంటారు. ఈ కాస్త ఎత్తూ లాగేసి వెళ్ళకూడదూ?"

ఆయన వినిపించుకోలేదు. మాసిన తెల్ల పికప్ ఎక్కి, దుమ్ము లేపుకుంటూ వచ్చిన దారినే పోయాడు.

బొజ్జమ్మ అంటే మనిషి కాదు, కాంక్రీటు కలిపే యంత్రం. గుండ్రంగా తిరిగే పెద్ద ఇనప పొట్ట, పక్కన చేత్తో హ్యాండిల్ తిప్పి లేపాల్సిన డీజిల్ ఇంజను, కింద రెండు చక్రాలు, బండికి తగిలించుకోవడానికి ముందుకు చాచిన పొడవాటి చెయ్యి. మేస్త్రమ్మ కొన్న రోజునే, ఆమె నడిపే కూలీల ముఠాలోని ఆడవాళ్ళు దాని పొట్ట చూసి పేరు పెట్టేశారు. ముఠా మొత్తానికి అన్నం పెట్టేది అదే. కాకపోతే దానికి కాళ్ళున్నాయి గానీ నడక లేదు. ఒక సైటు నుంచి ఇంకో సైటుకి ఎవరో ఒకరు లాగాలి. ఆ ఎవరో ఒకరు మేస్త్రమ్మ భర్తకి స్వయానా అన్నగారు. ఆమె బావగారూ అని పిలుస్తుంటే విని విని ముఠా అంతా, చివరికి ఇంజనీరు కూడా, ఆయన్ని బావగారనే పిలవడం మొదలుపెట్టారు.

గంట దాటింది. బావగారి జాడ లేదు, ఫోను ఎత్తలేదు. ఊరుకోలేక, అదే బండిలో వచ్చి దిగిన ముఠా అంతా కలిసి బొజ్జమ్మను చేతులతో తోశారు. "హైలెస్సా" అంటూ పది బారలు ఎక్కించారు. అక్కడ చక్రం రాయి మీదికెక్కి వెనక్కి జారబోతే, సిమెంటు బస్తాలు విప్పే సిమెంటక్క ఒక బండరాయి తెచ్చి కింద పడేసి అందరి కాళ్ళూ కాపాడింది.

"ఇంక నావల్ల కాదు తల్లీ," అని అక్కడే చతికిలబడింది. "దీన్ని తోసేకంటే కనడం సుఖం."

నవ్వారు గానీ ఆ నవ్వులో ఓపిక లేదు. మేస్త్రమ్మ ఒక్కతీ గుట్ట మీదికి నడిచింది. పైన కొత్త బడి కడుతున్నారు. ఇంజనీరు స్లాబుకి ఆసరాగా నిలిపిన సెంట్రింగు కర్రల మధ్య నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఆమె నోరు తెరవకముందే ఆయన తల ఊపాడు.

"తెలుసమ్మా. మీ బావగారు ఫోన్ చేసి చెప్పాడు. మీవాళ్ళు తయారయ్యేసరికే బాగా లేటయిందట, ఆయన టైము దాటిపోయిందట. మనుషుల్ని ముందే కూడగట్టుకోవాలి కదా!"

తెల్లవారకముందే అన్నం గిన్నెలు కట్టుకుని రోడ్డు మీద కూర్చున్నారు వాళ్ళు. ఆలస్యంగా వచ్చినవాడు బావగారు. మేస్త్రమ్మ ఆ మాట చెప్పబోయింది. కానీ సొంత బావగారు అబద్ధమాడాడని పరాయి మనిషితో అనడానికి నాలుక తిరగలేదు. అనకపోతే పోయేది తన ముఠా పరువే.

"చూడమ్మా," అన్నాడు ఇంజనీరు. "ఈ స్లాబుకి వేరేవాళ్ళని పిలుస్తున్నాను. రెండోది శుక్రవారం. సొంత బండి పెట్టుకుని పొద్దున్నే వస్తే అది మీకే, ఆ తర్వాత ప్రహరీ, మెట్లు అన్నీ మీకే. మళ్ళీ బండి కథలు చెబితే మాత్రం ఇక కుదరదు."

ఆమె తల ఊపి కిందికి దిగడం మొదలుపెట్టింది. మొదట ఒళ్ళు మండిపోతూ దిగింది. దారిలో తగిలిన ప్రతి రాయినీ బావగారనుకుని తన్నింది. సగం దూరం వచ్చేసరికి ఇంజనీరు అన్న మాటల్లో ఒక్క ముక్క మాత్రం బుర్రలో తిరగసాగింది. సొంత బండి. తను బొజ్జమ్మను కొన్నప్పుడు కూడా ఎవరూ నమ్మలేదు. సొంత బండి! ఎత్తు మొదట్లో ముఠా కనిపించేసరికి ఆమె దాదాపు పరిగెడుతోంది.

"ఏమయ్యా," అంది భర్తతో, ఆయాసపడుతూనే. "మేడ మీద గది తర్వాత వేసుకుందాం. మనం బండి కొంటున్నాం."

ఆమె భర్తని ముఠాలో నిదానం అంటారు. ఒకప్పుడు నీళ్ళ ట్యాంకరు లారీ నడిపాడు, నీళ్ళు తొణక్కుండా నడిపేవాడని పేరు. ఆయన చేతిలోని బీడీ ఆర్పి, ఆమె మొహంలోకి చూసి, చాలాసేపు ఆలోచించి, "ఏ రంగు?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పాతబండ్లు అమ్మే యార్డుకి వెళ్ళారు. ఊరి చివర ముళ్ళకంచె లోపల బండ్లన్నీ ఎండకి మొహాలు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. మేస్త్రమ్మ వరస పొడవునా చూసింది. వీటిలో ఒకటి తనది. అదేదో ఇంకా తెలియదు, అంతే.

యార్డు షావుకారు గుండు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. వచ్చి నిదానంతో మాత్రమే మాట్లాడాడు.

"రండి సార్, మంచి మంచివి వచ్చాయి. అన్నీ ఒక్క చేతి మీద నడిచినవే. అమ్మకి నీడలో కుర్చీ వేయించమంటారా?"

"కుర్చీ వద్దు గానీ," అంది మేస్త్రమ్మ, "బానెట్లు ఎత్తించండి."

మొదట ఎర్రది చూపించాడు. అద్దంలా మెరిసిపోతోంది, సీట్లకి కొత్త కవర్లు, ముందు అద్దం దగ్గర ప్లాస్టిక్ పూలు. నిదానం దాని చుట్టూ తిరుగుతూ మురిసిపోయాడు. మేస్త్రమ్మ బానెట్ మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేసింది.

"పొద్దున్నే ఎటెళ్ళొచ్చిందండీ ఇది?"

"ఎక్కడికీ లేదమ్మా. రాత్రి నుంచీ ఇక్కడే ఉంది."

"మరి జ్వరమొచ్చినట్టు కాలిపోతోందేం?"

షావుకారు మళ్ళీ గుండు తుడుచుకున్నాడు. చల్లటి ఇంజను లేవడానికి మొరాయిస్తుందని, కొనేవాళ్ళు వచ్చేముందే లేపి వేడెక్కించి ఉంచాడన్నమాట. మేస్త్రమ్మకి ఇది కొత్త విద్యేమీ కాదు. బొజ్జమ్మ డీజిల్ ఇంజనుని చలికాలంలో, వానలో, సిమెంటు చేతులతో హ్యాండిల్ తిప్పి తిప్పి లేపిన మనిషి. డీజిల్ ఇంజను రోగం పొద్దున్నే బయటపడుతుందని ఆమె భుజాలకి తెలుసు.

రెండోది ఎత్తుగా, కండలు తిరిగిన వస్తాదులా నిలబడింది. "దీని మీద ఏనుగునెక్కించినా కుంగదు సార్," అన్నాడు షావుకారు. నిజమే, వెనక బరువు మోసే కమాను పట్టీలు ఉండాల్సినదాని కన్నా రెండెక్కువ ఉన్నాయి. నిదానం కిందికి వంగి చూసి, "గట్టిగా ఉందే," అన్నాడు ఆశగా.

"గట్టిగా ఉంది కాబట్టే భయం. ఎవడో మోయలేనంత మోయించి, కుంగితే ఇంకో పట్టీ, మళ్ళీ కుంగితే ఇంకోటి వేయించుకుంటూ పోయాడు. పట్టీలు మార్చాడు సరే, మధ్యలో నలిగిన చాసిస్ సంగతేంటి?" అంటూ ఆమె పక్కమీద వాలి బండి కిందికి దూరింది. నడుమ దగ్గర ఒకచోట నల్లరంగు మిగతాదాని కన్నా కొత్తగా ఉంది. గాజుతో గీరితే కింద వెల్డింగు గీత కనిపించింది. విరిగిన వెన్నుకి కట్టు కట్టినట్టే. బయటికొచ్చి చీర దులుపుకుని చేతులు జోడించింది.

మూడోది చూపించనే లేదు. కంచె మూల ఆకుపచ్చటిది ఒకటి, దుమ్ము కొట్టుకుని, ఒక దీపం పగిలి, వెనక తలుపు సొట్టపడి ఉంది. మేస్త్రమ్మే దాని దగ్గరికి నడిచింది. ముందు వెనక్కి వెళ్ళి కొక్కెం చూసింది. కొక్కెం రంధ్రం లోపల ఇనుము నున్నగా వెండిలా మెరుస్తోంది.

"ఇదేం లాగిందండీ?"

"పడవలు. ఏటి ఒడ్డున పడవలు బాగుచేసే ఆయనది. నీళ్ళలోంచి బయటికి లాగేవాడు. చూడ్డానికి బాగోదమ్మా, అందుకే మూలన పడేశాను."

ఆమె ఆ మెరుపుని వేలితో తడిమింది. ఒడ్డు మీదికి పడవను లాగడమంటే ఊరికే లాగడం కాదు, కింద బురద, వెనక నీళ్ళు. బొజ్జమ్మ దీనికో లెక్కా! కానీ నీళ్ళలో వెనకభాగం మునిగి మునిగి తుప్పు పట్టి ఉంటుందన్న భయం కూడా వెంటనే పుట్టింది. మళ్ళీ కిందికి దూరింది. పైపైన ఎర్రగా తుప్పు ఉంది. స్పానర్ అడిగి తీసుకుని అడుగడుగునా కొట్టి చూసింది. కొట్టిన చోటల్లా ఖంగుమని మోగింది. ఒక్కచోట కూడా డొల్లగా పలకలేదు.

ఇంజను లేపించింది. నల్లటి పొగ ఒక్కసారి కక్కి సర్దుకుంది. నీలం పొగ రాలేదు, అంటే ఇంజను ఆయిలు తాగడం లేదు. ఇంజను తిరుగుతుండగానే ఆయిలు పోసే మూత విప్పి, ఆ రంధ్రం మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. లోపల అరిగిపోయి ఉంటే అక్కడ పొగ బుసకొడుతూ చేతిని తోసేస్తుంది. మెత్తగా ఊపిరి తగిలింది, అంతే. మేస్త్రమ్మ మొహం వెలిగిపోయింది. నిదానం ఆమెనే చూస్తున్నాడు. పెళ్ళిలో కూడా ఆమె మొహం ఇంత వెలగలేదనుకుని కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

"ఇంక బరువు లాగి చూడాలి," అంది ఆమె.

"చూసుకోండి. బరువు మీరే తెచ్చుకోవాలి," అన్నాడు షావుకారు.

అక్కడొచ్చింది చిక్కు. తిరిగి కిందికి దింపిన బొజ్జమ్మ ఇంకా గుట్ట మొదట్లోనే ఉంది. దాన్ని యార్డు దాకా తీసుకురావాలంటే బండి కావాలి. ఉన్న బండి బావగారిదే. బండి కొనడానికి కూడా ఆయన బండే దిక్కయిందని తలుచుకుంటే మేస్త్రమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియక పకపకా నవ్వేసింది. ఫోను చేయించింది భర్త చేత. బాడుగంటే బావగారు వెంటనే పలికాడు.

మధ్యాహ్నానికి తెల్ల పికప్ చదును రోడ్డు మీద బొజ్జమ్మను ఈడ్చుకుంటూ వచ్చింది. బావగారు దిగి, టైర్లు తన్ని, మొహం తుడుచుకుని చుట్టూ చూశాడు.

"ఇక్కడేం స్లాబురా తమ్ముడూ?"

"స్లాబు కాదన్నయ్యా. బండి కొంటున్నాం," అన్నాడు నిదానం నేల చూస్తూ.

బావగారి తువ్వాలు మొహం దగ్గరే ఆగిపోయింది. "బండా? ఎవరికి?"

"బొజ్జమ్మకి," అంది మేస్త్రమ్మ. నిన్నటి కోపం గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగి, "మీరు కూడా ఎక్కి చూడండి బావగారూ. బండ్లలో పుట్టి పెరిగిన మనిషి," అంది. ఎంత మండినా ఆ మాట మాత్రం నిజం.

యార్డు వెనక రైలు వంతెన ఎక్కే రోడ్డుంది. ఆకుపచ్చ బండికి బొజ్జమ్మను తగిలించారు. నిదానం స్టీరింగు పట్టుకున్నాడు, బావగారు పక్కన కూర్చున్నాడు. మేస్త్రమ్మ వెనక తొట్టిలో నిలబడి, కడ్డీ పట్టుకుని, బొజ్జమ్మకేసి తిరిగింది. బండి కదిలింది. బొజ్జమ్మ ఊగుతూ, గలగలలాడుతూ, పెళ్ళికి బయల్దేరిన పెద్దావిడలా వెంట వచ్చింది. ఎత్తు మొదలైంది. ఇంజను గొంతు బరువెక్కింది గానీ బొంగురుపోలేదు. నడి ఎత్తులో మేస్త్రమ్మ పైకప్పు మీద దబదబ బాదింది.

"ఆపు! అక్కడే ఆపు! ఇప్పుడు మళ్ళీ లాగు!"

ఎంత బండికైనా అదే పరీక్ష. నడి ఎత్తులో ఆగి, వెనక టన్ను బరువు వెనక్కి గుంజుతుంటే కదలాలి. ఒక్క క్షణం అంతా నిలిచిపోయింది. తర్వాత ఆకుపచ్చ బండి ఒక్క బెత్తెడు కూడా వెనక్కి జారకుండా, మెల్లగా ముందుకి నడిచింది. మేస్త్రమ్మ వయసూ పరువూ మరిచి ఈల వేసింది. వంతెన మీద సైకిల్ తొక్కుకుంటూ పోతున్న పెద్దాయన ఉలిక్కిపడి దిగిపోయాడు.

కిందికి వచ్చాక బావగారు తమ్ముణ్ణి పక్కకి పిలిచాడు. ఆమె కూడా వెళ్ళి నిలబడింది. ఆయన గొంతు తగ్గించి, లోపల ఎవరికో సీరియస్‌గా ఉన్నట్టు చెప్పాడు.

"క్లచ్ జారుతోందిరా. మీకు తెలియదు, పక్కన కూర్చున్నా నా కాళ్ళకి తెలిసింది. రెండో గేరు మూలుగుతోంది. పైగా నీళ్ళలో నానిన బండి. ఏడాది తిరక్కుండా నడిరోడ్డు మీద కూర్చోబెడుతుంది. అమ్మాయ్, నీ కష్టార్జితం బూడిదలో పోయకు. ఇంకో రెండు నెలలాగు, నేనే మంచిది చూసిపెడతాను."

"మరి ఎత్తు ఎక్కింది కదా బావగారూ?"

"ఒకసారి ఎవడైనా ఎక్కుతాడు. రోజూ ఎక్కాలిగా!"

నిదానం తల ఊపాడు. అన్న మాటకి ఎదురు చెప్పిన పాపాన పోలేదు ఆయన ఎప్పుడూ. మేస్త్రమ్మకి గాలి తీసేసినట్టయింది. అబద్ధమాడిన మనిషి అని తెలుసు. కానీ బండి గురించి ఆయన చెప్పింది ఇన్నేళ్ళలో తప్పుపోలేదు. కొంటే రెండేళ్ళ పొదుపు పోతుంది. కొనకపోతే గుట్ట మీది పని పోతుంది. షావుకారుతో రేపు చెబుతామని చెప్పి ఇంటికి నడిచారు.

"అన్నయ్య చెప్పాడంటే..." అని మొదలుపెట్టాడు నిదానం దారిలో.

"మీ అన్నయ్య చెప్పడం కాదయ్యా నన్ను తినేస్తున్నది. మెల్లగా చెప్పడం. మన ఇంటి తలుపు బిగుసుకుంటే వాడకట్టంతా వినబడేలా తప్పులు పట్టే మనిషి, ఇంత పెద్ద బండికి గుసగుసలాడాడేం?"

నిదానం ఆలోచించాడు. ఇల్లు చేరేదాకా ఆలోచించాడు.

చల్లటి ఇంజను ఎలా లేస్తుందో చూడకుండా మాత్రం వదలకూడదనుకుంది మేస్త్రమ్మ. అది కూడా మొరాయిస్తే దండం పెట్టి వచ్చేయవచ్చు. గురువారం సూర్యుడు ఇంకా కంచె దాటకముందే, చెప్పా పెట్టకుండా యార్డు చేరుకుంది. గేటు తెరిచే ఉంది. ఆకుపచ్చ బండి మూలనే ఉంది. దాని కిందినుంచి రెండు కాళ్ళు బయటికి చాచి ఉన్నాయి. ఆ కాళ్ళకున్న చెప్పుల్లో ఒకదానికి తెల్లతీగతో కుట్టు. ఆ కుట్టు వేసింది నిదానమే, అన్నగారి కోసం, పోయిన వారం, వాళ్ళ వాకిట్లో కూర్చుని.

కాళ్ళు తాళం వేస్తున్నాయి. బండి కిందినుంచి కూనిరాగం వినిపిస్తోంది. మధ్యలో మాటలు కూడా.

"ఎక్కడా అతుకు లేదయ్యా షావుకారూ! ముత్యంలా ఉంది. ఆ పడవలవాడికి దణ్ణం పెట్టాలి, ఎంత బాగా చూసుకున్నాడు! నా పాతదాన్ని లెక్క కట్టుకుని మిగతాది చెప్పు. ఇప్పుడే తోలుకుపోతాను."

షావుకారు మేస్త్రమ్మను చూశాడు. నోరు తెరవబోయి, ఆమె వేలు పెదవుల మీద పెట్టుకోవడం చూసి మూసేశాడు. ఇలాంటిది రోజూ దొరకదు గదా అని ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు కూడా. మేస్త్రమ్మ మెల్లగా గొంతుక్కూర్చుని, తల వంచి బండి కిందికి చూసింది.

"క్లచ్ ఎలా ఉంది బావగారూ?"

ధన్‌మని శబ్దమైంది. బావగారి నుదురు చాసిస్‌కి తగిలింది.

చాలాసేపటికి బయటికొచ్చాడు. నుదుటి మీద బొప్పి, చెంప మీద గ్రీజు. తువ్వాలు కోసం వెతికాడు, అది బండి కిందే ఉండిపోయింది. మేస్త్రమ్మే వంగి తీసి ఇచ్చింది. తిట్టడానికి నోటినిండా మాటలు ఉన్నాయి గానీ, ఆ బొప్పి చూస్తే నవ్వొస్తోంది. నవ్వితే కోపం కరిగిపోతుందని పళ్ళు బిగబట్టింది.

"నా బండి పనయిపోయిందమ్మాయ్," అన్నాడు ఆయన, చివరికి. "చదునులో లాగుతోంది. ఎత్తంటే చేతులెత్తేస్తోంది. ఆ రోజు ఎక్కించబోతే మధ్యలో ఆగిపోయి అందరి ముందూ వెనక్కి జారుతుందని భయమేసింది. అర్జెంటు లోడూ లేదు, పాడూ లేదు. సందు చివర నీడలో కూర్చున్నాను."

"ఆ మాట అప్పుడే అంటే నేనేమన్నా అనేదాన్నా? బండ్లకి రోగాలు రావా?"

"ఇన్నేళ్ళలో నా బండి ఎక్కలేదని ఎవడి చేతా అనిపించుకోలేదు నేను."

"అందుకని నా ముఠా లేటయిందని అన్నారు. మీ బండి పరువు కోసం నా మనుషుల పరువు తీశారు."

బావగారు తల దించుకున్నాడు. మేస్త్రమ్మకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపమో జాలో ఆమెకే తెలియలేదు. అక్కడ నిలబడితే ఏమంటుందో అని బండి తలుపు తీసి, సగం లోపలికి వంగి, తాళం తిప్పింది. రాత్రంతా మంచులో తడిసిన ఇంజను రెండుసార్లు దగ్గింది. మూడోసారికి అందుకుంది. తెల్లటి పొగ చిన్న మేఘంలా లేచి కంచె మీదుగా పోయింది. తర్వాత దడ్‌దడ్‌మని ఒకే లయ. ఆ చప్పుడు ఆమె అరికాళ్ళలోంచి పైకి పాకింది.

"నాకిచ్చెయ్యండి," అంది షావుకారుతో, బావగారి వైపు చూడకుండా. "ఆయన చెప్పారుగా, ముత్యంలా ఉందని."

శుక్రవారం పొద్దున ఆకుపచ్చ బండి ముఠా మొత్తాన్నీ తొట్టిలో వేసుకుని, బొజ్జమ్మను వెంట తగిలించుకుని బయల్దేరింది. సిమెంటక్క పగిలిన దీపానికి బొట్టుబిళ్ళ అంటించింది. ఎత్తు మొదట్లో అందరూ ఒక్కసారిగా మాటలాపేశారు. తాము చెమటలు కక్కుతూ తోసిన పది బారలూ కళ్ళ ముందు కరిగిపోయాయి. రాయి వేసిన చోటు వెనకబడిపోయింది. మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది, గుట్ట మీది బడి గోడలు కనిపించాయి. తొట్టిలో కేకలు, ఈలలు, తట్టల మీద దరువు. స్టీరింగు దగ్గర నిదానం కూడా నవ్వుతున్నాడు, నిదానంగానే.

ఇంజనీరు గడియారం చూసుకుని, కళ్ళు పెద్దవి చేశాడు. "బాగుందమ్మా! మిక్సరు అదిగో, ఆ గోడ పక్కకి పెట్టించండి. వెనక్కి తియ్యాలి, జాగ్రత్త. మధ్యలో సెంట్రింగు కర్రలున్నాయి."

అక్కడ ఆగింది సంబరం. ఒకవైపు ఇసక కుప్ప, ఇంకోవైపు స్లాబుని మోయాల్సిన కర్రలు, మధ్యలో బండి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ సందు. వెనక ఏదైనా తగిలించుకుని వెనక్కి పోతే, స్టీరింగు ఒకవైపు తిప్పితే యంత్రం రెండోవైపు తిరుగుతుంది. నీళ్ళ ట్యాంకరు నడిపిన నిదానానికి ఆ విద్య రాదు. మొదటిసారి బొజ్జమ్మ ఇసకలోకి ఎక్కింది. ముందుకి తెచ్చి మళ్ళీ తీశాడు. ఈసారి అడ్డం తిరిగి, బండి పక్కకే వచ్చి నిలబడింది. మూడోసారి కర్రలకి జానెడు దూరంలో ఆగింది. పైన సెంట్రింగు పలకల మీద ఉన్న వడ్రంగి మేస్త్రీ "ఓయ్ ఓయ్" అని అరుస్తూ దూకేశాడు. విప్పి చేత్తో తోద్దామంటే కంకరలో చక్రాలు దిగబడిపోతున్నాయి.

ఇంజనీరు మొహం మారింది. జేబులోంచి ఫోను తీశాడు. "అమ్మా, కిందే ఇంకో ముఠాని సిద్ధంగా ఉంచాను. వాళ్ళని పిలవమంటారా?"

"ఒక్క నిమిషం సార్," అంది మేస్త్రమ్మ. ఆమె చూపు ఇసక కుప్ప వెనకాల ఆగింది.

బావగారు అక్కడ నిలబడి ఉన్నాడు. నడిచి ఎక్కినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది. ఆ ఆకుపచ్చ బండి ఎత్తెక్కడం చూడకుండా ఉండలేకపోయాడు. నిదానం స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆయన చేతులు గాల్లో ఎదురువైపు తిరుగుతున్నాయి. ఆ సంగతి ఆయనకే తెలియదు.

మేస్త్రమ్మ బండి దగ్గరికి వెళ్ళి, ఇంజను ఆపించి, తాళం తీసుకుంది. తీసుకుని బావగారి దగ్గరికి నడిచింది. ఆయన చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. ఆమె తాళం ఇవ్వలేదు.

"ముందు ఇంజనీరు గారికి ఆ రోజు సంగతి చెప్పండి బావగారూ. తర్వాత స్టీరింగు ఎక్కండి."

"అందరి ముందా అమ్మాయ్?" ఆయన గొంతు ఆమెకొక్కదానికే వినిపించింది.

"లేటొచ్చారన్న మాట కూడా అందరికీ చేరిందిగా."

ఆయన తిరిగి వెళ్ళిపోతే పని పోయినట్టే, మళ్ళీ ఈ గుట్ట ఎక్కే పనే ఉండదు. అయినా ఆమె చెయ్యి బిగించే ఉంచింది. నిదానం బండి దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అన్నని చూశాడు. ఈసారి నేల చూడలేదు.

బావగారు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత, ఇంటి తలుపులకి తప్పులు పట్టే ఆ పాత గొంతుతో, పైన పలకల మీదివాళ్ళకి కూడా వినిపించేలా అన్నాడు.

"సార్! ఆ రోజు వీళ్ళెవరూ లేటు కాదు. తెల్లవారకముందే రోడ్డు మీద ఉన్నారు. లేటు నాది. ఎక్కలేకపోయింది నా బండి. తప్పు వీళ్ళ మీదికి తోశాను."

సిమెంటక్క ముక్కు చీదుకుంది. ఇంజనీరు ఫోను వంక చూసి, దాన్ని జేబులో పెట్టుకుని, "సరే, సరే. ముందు మిక్సరు పెట్టండి బావగారూ," అన్నాడు.

మేస్త్రమ్మ తాళం ఇచ్చింది. బావగారు బండెక్కాడు. అద్దం సర్దుకున్నాడు, సీటు ముందుకి లాక్కున్నాడు, మెడ వెనక్కి తిప్పి ఒక చెయ్యి తలుపు మీద వేశాడు. తర్వాత స్టీరింగుని నాలుగు వేళ్ళతో అటు కాస్త, ఇటు కాస్త తిప్పుతూ వెనక్కి వచ్చాడు. బొజ్జమ్మ ఎక్కడా అడ్డం తిరగలేదు. కర్రల పక్కనుంచి, ఇసకను ఒరుసుకోకుండా, ఇంటికొచ్చిన మనిషిలా నేరుగా సందులోకి నడిచి గోడ పక్కన ఆగింది. ముఠా అంతా చప్పట్లు కొట్టారు. మేస్త్రమ్మ కూడా కొట్టింది. కొట్టకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

బావగారు దిగి టైర్లు తన్ని చూశాడు. చూసి, తాళం తన చొక్కా జేబులో వేసుకుని, నీళ్ళ డ్రమ్ము వైపు నడిచాడు.

"బావగారూ," అంది మేస్త్రమ్మ.

ఆయన వెనక్కి తిరిగాడు. ఆమె అరచెయ్యి చాచి నిలబడింది. ఆయన ఆ చేతిని చూశాడు, జేబు తడుముకున్నాడు, ఒక్కసారిగా సిగ్గుపడి నవ్వేశాడు. తాళం తీసి, తువ్వాలుతో తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు.

"వెనక్కి తియ్యాల్సి వచ్చినప్పుడల్లా పిలువమ్మాయ్. వస్తాను."

"పిలుస్తాను బావగారూ," అందామె. "పిలిచిన టైముకి రండి."

నిదానం అప్పటికే బొజ్జమ్మ ఇంజను హ్యాండిల్ అందుకున్నాడు.